తెనాలికి తెచ్చిన సముద్రపు గుర్రాలు

రేపల్లె ప్యాసింజర్లో రెండు పాల క్యాన్లతో ఎక్కే నన్ను చూసి, "పాలు ఏ ఊరివి అబ్బాయ్, వాడిక పోస్తావా?" అని అడిగేవాళ్ళు. "పాలు కాదండి, సముద్రం నీళ్ళు" అంటే ఒక్కరూ నమ్మేవారు కాదు. ఒకసారి వేమూరులో ఎక్కిన పెద్దావిడ మూత తీయించి చూసి, "ఇన్ని నీళ్ళా! ఏం మొక్కుకున్నావు నాయనా?" అని జాలిపడింది. ఉద్యోగం అని చెప్పడానికి నాకే మొహమాటం వేసి, అవునండి, మొక్కే అన్నాను.

తెనాలిలో ఒక కాలేజీలో జువాలజీ ల్యాబు అటెండరుగా ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యాను. సీసాల్లో ఫార్మలిన్ మార్చడం, ప్రాక్టికల్సుకి కప్పలూ బొద్దింకలూ సిద్ధం చేయడం, స్లైడ్లు కడిగి ఆరబెట్టడం. అంతా చచ్చిన వాటితోనే పని. బతికున్న వాటిని చూసుకోమని ఒక్కసారే చెప్పారు, ఎనభైల చివర్లో. ఆ పనిలో నేను ఒక తప్పు చేశాను, ఒక అబద్ధం ఆడాను. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఇది చదివితే, తప్పు కంటే అబద్ధం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగమని నా మనవి.

ఆ ఏడు మా డిపార్టుమెంటుకి బదిలీ మీద ఒక లెక్చరర్ గారు వచ్చారు. ఆయన ఇల్లు బాపట్లలో. రోజూ పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళిపోయేవారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. వచ్చిన నెలలోపే ఒక రోజు రుమాల్లో చుట్టి తెచ్చిందేదో బల్ల మీద పెట్టి, "ఇదేంటో చెప్పు" అన్నారు.

నా చూపుడు వేలంత ఉంది. గుర్రం తల, ఊసరవెల్లి తోకలా చుట్టుకున్న తోక, ఒళ్ళంతా గట్టి కణుపులు. ఎండి కర్రలా అయిపోయింది.

"సముద్రపు గుర్రమండి. మన మూడో బీరువాలో సీసాలో ఒకటుంది."

"నిజాంపట్నంలో బుట్టలో ఎండబెట్టి ఉన్నాయి. మద్రాసు నుంచి ఎవరో వ్యాపారి వచ్చి కొనుక్కెళ్తున్నాడట, విదేశాల్లో మందుల్లో వేస్తారని. ఇట్లా పట్టుకుంటూ పోతే ఎన్నాళ్ళుంటాయవి? తొట్లలో పిల్లలు పెట్టించి పెంచగలిగామనుకో, జాలర్లకి అదే పంట. చెరువు తవ్వి రొయ్యలు పెంచడం లేదూ?"

"తెనాలిలోనా అండీ?"

"సముద్రం పక్కన నాకు గది ఎవరిస్తారు? ఇక్కడ ఖాళీ గది ఉంది. నువ్వున్నావు."

ఆ చివరి మాటకి నేను పడిపోయాను. అప్పటిదాకా ఏ లెక్చరరూ నన్ను అట్లా లెక్కలోకి తీసుకోలేదు.

ఈ జాతిలో గుడ్లను కడుపు సంచిలో మోసి పిల్లల్ని కనేది మగదేనని ఆయన చెప్పినప్పుడు వేళాకోళం అనుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే, చేట పక్కన పెట్టి, "పోన్లెండి, ఎక్కడో ఒక చోటైనా మీ వాళ్ళకి తెలిసొచ్చింది" అని మళ్ళీ బియ్యం చెరుగుకోసాగింది.

ల్యాబు వెనక గదిలో పెద్ద గాజుతొట్టి ఒకటి పెట్టించాం. మనిషి పడుకునేంత పొడుగు. దక్షిణం కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట. ఇంకో చిన్న తొట్టి మూలన ఉండేది. పాత గోడ సున్నం రాలి పడుతోందని దాని మీద ఒక గాజుపలక మూతగా వేశాను. నీళ్ళలోకి గాలి ఊదడానికి చిన్న మోటారు. అడుగున ఇసక. తోకతో పట్టుకుని వేలాడడానికి నైలాను తాళ్ళు. సముద్రం నీళ్ళు తేవడం నా వంతు. తెనాలి నుంచి రేపల్లెకి రైలు, అక్కణ్ణుంచి నిజాంపట్నానికి బస్సు. తిరుగు ప్రయాణంలో నిండు క్యాన్లు. వారానికి ఒకసారి, ఎండాకాలంలో రెండుసార్లు.

నిజాంపట్నంలో మాకు గుర్రాలు పట్టిచ్చింది ఒక పెద్దాయన. యాభై అయిదు దాటాయి, భుజాలు మాత్రం ఇంకా కుర్రాడివే. నేను బాబాయ్ అనేవాణ్ణి. మడ అడవి పక్కన ఉప్పుటేటిలో చిన్న పడవ మీద రొయ్యల వల వేసేవాడు. వలలో ఎప్పుడన్నా ఒకటీ అరా గుర్రాలు పడేవి. ఎండబెట్టి వ్యాపారికిచ్చేవాటిని మాకు ప్రాణంతో ఇమ్మని సార్ అడిగారు. పిల్లలు బతికితే ముందు మీ ఊళ్ళోనే పెంపకం మొదలుపెడదామని మాటిచ్చారు.

"ఎండబెట్టేటప్పుడు అవి చాలాసేపు తోకలాడిస్తయ్యండీ. చూళ్ళేక మొహం తిప్పుకుంటా. బతికించే పనైతే నేనెందుకియ్యను?" అన్నాడాయన.

వల ఒడ్డుకి రాగానే తడిచేత్తో గుర్రాన్ని తీసి, అప్పుడే ముంచిన నీళ్ళ క్యాన్లో వదిలేవాడు. నేను పక్కనే కూర్చుని ఉండేవాణ్ణి. ఒక్క నిమిషం కూడా పొడిగా ఉంచింది లేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

మొదటి విడత తొమ్మిది వచ్చాయి. కాలేజీలో పెద్ద గోలయిపోయింది. ప్రిన్సిపాల్ గారు ఆఫీసు వాళ్ళనందరినీ వెంటబెట్టుకొచ్చి చూసి వెళ్ళారు. నిటారుగా నిలబడి ఈదుతాయి. వీపు మీద చిన్న రెక్క విసనకర్రలా గబగబా ఆడుతుంది కానీ ముందుకి కదిలేది తక్కువే. రెండు కళ్ళూ దేనికది వేరుగా తిరుగుతుంటాయి. సన్న రొయ్యపిల్ల ఎదురొస్తే టక్కున లోపలికి పీల్చేసుకుంటాయి. ఆ చప్పుడు గాజు బయటికి వినపడేది.

సార్ నాకు ఇచ్చిన ఆజ్ఞలు రెండు. "తొట్టిలో నీళ్ళు గీత కిందకి దిగకూడదు. సముద్రం నీళ్ళు తప్ప ఇంకో చుక్క అందులో పడకూడదు." గాజు మీద ఎర్ర పెయింటుతో గీత గీసి మరీ చెప్పారు.

నేను ఆ రెండు ఆజ్ఞలనీ అక్షరాలా పాటించాను. నా తప్పు అదే.

ఎండలకి రోజూ ఒక చెంబో రెండు చెంబులో తగ్గేవి. పొద్దున్నే ఆరున్నరకల్లా వెళ్ళి క్యాన్లోంచి ముంచి గీతదాకా పోసేవాణ్ణి. తొట్టి అంచున తెల్లగా పొరలాంటిది కట్టేది. తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేసేవాణ్ణి. గాజు మెరవాలి కదా, ఎవరెవరో చూడ్డానికి వస్తున్నారు. ఆ తరవాత ఏడున్నరకి ఊడ్చే ఆవిడ వచ్చేది.

రెండో నెల తిరిగేసరికి గుర్రాలు మేత మానేశాయి. తాళ్ళు వదిలేసి అడుక్కి దిగి, ఇసక మీద ఒరిగి, గబగబా మొప్పలాడించేవి. తొమ్మిదీ పదిరోజుల్లో పోయాయి. సార్ పుస్తకాలన్నీ తిరగేశారు. రైల్లో కుదుపులకి అలిసిపోయాయేమో అన్నారు. తొట్టి ఖాళీ చేసి, ఎండబెట్టి, కొత్త నీళ్ళు తెచ్చి నింపాం.

రెండో విడత పద్నాలుగు. చిన్న తొట్టిలో మూడు, పెద్దదాంట్లో పదకొండు వేశాం. ఈసారి నేను ఇంకా జాగ్రత్త పడ్డాను. ఎండలు ముదరగానే వారానికి రెండుసార్లు నిజాంపట్నం పరుగెత్తాను. గీత కిందకి నీళ్ళు దిగనిస్తే ఒట్టు. మళ్ళీ రెండు నెలలు. మళ్ళీ అదే వరస. పెద్ద తొట్టిలో ఏడు పోయాయి. మిగిలిన నాలుగూ అడుగునే పడి ఉన్నాయి.

మూలన చిన్నదాంట్లో మూడూ మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. అందులో ఒక మగదానికి సంచి ఉబ్బుతోంది కూడా. అవి గట్టి పిండాలు అనుకున్నాం. అంతకు మించి ఆలోచన పోలేదు, ఆయనకీ నాకూ.

ఆ ఆదివారం సార్ నాతో కలిసి నిజాంపట్నం వచ్చారు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. ఒడ్డున పదిమంది జాలర్లు వలలు విదిలించుకుంటున్నారు. బాబాయ్ లేచి, "రాండి సార్, మొహం అట్లా ఉందేంటండీ?" అంటూ ఎదురొచ్చాడు.

"ఏడు చచ్చిపోయాయయ్యా. అంతకు ముందు తొమ్మిది. నువ్విచ్చేవన్నీ ఎందుకిట్లా చస్తున్నాయి?"

"నాకేం తెలుసండీ? నేనిచ్చేటప్పటికి లక్షణంగా ఉన్నయ్యి."

"పట్టిన వెంటనే ఇస్తున్నావా, లేకపోతే రాత్రి పట్టినవి కుండలో ఉంచి పొద్దున మావాడికి అంటగడుతున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు చేతులాపి చూస్తున్నారు. బాబాయ్ నావైపు చూశాడు, నువ్వు చెప్పు అన్నట్టు. సార్ కూడా నావైపే తిరిగారు. "నువ్వు అక్కడే ఉంటావుగా. కుండలో ఉంచినవేనా?"

అబద్ధమాడాలని నేనేమీ ముందుగా అనుకోలేదు. బాబాయ్ మంచిగానే ఇచ్చాడంటే, మరి తప్పు ఎక్కడుంది? ఆ గదిలో. ఆ గదిలో ఉండేది నేను. నెలల తరబడి పొద్దున్నే ఆరున్నరకి వెళ్ళి ఊడిగం చేసింది నేను. ఇదంతా ఒక్క క్షణంలో బుర్రలో తిరిగింది.

"ఒకటి రెండుసార్లు ఉంచినట్టున్నాడండి" అన్నాను.

బాబాయ్ నా మొహంలోకి ఒకసారి చూశాడు. తరవాత సార్ వైపు తిరిగి, "ఇంక నా దగ్గరికి రామాకండి సార్" అని వంగి వల అందుకున్నాడు.

ఆ రాత్రి నాకు భోజనం ఎందుకు సహించలేదని మా ఆవిడ అడిగితే ఎండదెబ్బ అని చెప్పాను. అది రెండో అబద్ధం. దాన్ని లెక్కలో వేయడం లేదు.

ఆ వారంలోనే మళ్ళీ నీళ్ళకి వెళ్ళాల్సొచ్చింది. బాబాయ్ ఉండే రేవు తప్పించి, పైకెళ్ళి ఇంకోచోట ముంచుకున్నాను. తిరిగొస్తుంటే బస్సు మధ్యలో ఆగిపోయింది. రేపల్లె చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. స్టేషన్లో క్యాన్ల మీద చేతులేసుకుని కునుకు తీసి, పొద్దున మొదటి బండికి తెనాలిలో దిగాను. కాలేజీకి వెళ్ళేసరికి ఎనిమిదయింది. తొట్లు పెట్టిన నాటి నుంచీ ఆ గదిలోకి నాకంటే ముందు ఇంకొకరు అడుగు పెట్టడం అదే మొదటిసారి.

ఊడ్చే ఆవిడ చీపురు గోడకి ఆనించి, పెద్ద తొట్టి పక్కన నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. ఆవిడది చినగంజాం. పెళ్ళయి తెనాలి రాకముందు పదేళ్ళు ఉప్పు మడుల్లో కూలికెళ్ళిన మనిషి. నాకంటే పెద్దది, అక్కా అనేవాణ్ణి. ఆ గదిలో ఆవిడ తలొంచుకుని ఊడ్చి వెళ్ళిపోవడమే తప్ప నోరు విప్పడం నేను వినలేదు.

"తమ్ముడూ, ఈ అంచున కట్టింది ఏంటి?" అంది.

"అది రోజూ కడుతుందిలే అక్కా. తుడిచేస్తాను."

"రోజూ కడద్దా? రోజూ తుడిచేస్తన్నావా?"

గోటితో ఆ తెల్లపొర గీరి నాలిక మీద వేసుకుంది. తరవాత తొట్టిలో వేలు ముంచి నాకింది. మొహం చిట్లించింది. తిన్నగా మూలకెళ్ళి, చిన్న తొట్టి మీద గాజుపలక జరిపి, అందులోనూ వేలు ముంచి చూసింది.

"ఇందులోవి సముద్రం నీళ్ళే. అందులోవి మాత్రం కావు. అవి మడి నీళ్ళు. రెండో మడిలోకి మళ్ళించాక ఇట్లాగే ఉంటయ్యి, ఇంకో వారానికి ఉప్పు గింజ కట్టేస్తది."

"అదేంటక్కా! రెండిట్లోనూ నేను నింపింది ఒకే నీళ్ళు. ఇదుగో, ఈ క్యాన్లోవే."

"పోసేది ఒకటేలే. పోయేది ఏంటి?" అంది. నాకు అర్థం కాలేదని తెలిసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "ఎండ నీళ్ళని తీసుకెళ్తది తమ్ముడూ, ఉప్పుని ఇక్కడే వదిలిపెడతది. తగ్గింది మంచినీళ్ళు. నువ్వు పోస్తంది ఉప్పునీళ్ళు. ఇయ్యాళ ఇంత, రేపు ఇంత. మేం మడిలో చేసేది ఇదేగా? నువ్వు గాజుపెట్టెలో ఉప్పు పండిస్తన్నావు."

నేను క్యాన్లు కింద పెట్టాను. చిన్న తొట్టికి మూత ఉంది. అందులో నీళ్ళు తగ్గేదే లేదు, నేను మళ్ళీ పోయాల్సి వచ్చిందీ లేదు. అందుకే ఆ మూడూ బతికాయి. పెద్ద తొట్టికి నేను ఎంత సేవ చేస్తే అంత విషం కలిసింది. రైలెక్కి, బస్సెక్కి, భుజాలు పడిపోయేలా మోసుకొచ్చి మరీ పోశాను.

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?"

"నేనొచ్చేటప్పటికి నువ్వు అద్దంలా తుడిచిపెడితే నాకెట్లా కనపడద్ది? అయినా చదువుకున్నోళ్ళు ఏదో మందు చేస్తన్నారనుకున్నా. నన్నెవరడిగారు?"

సార్ పదింటికి వచ్చారు. చెప్పేశాను. తుడిచేసిన పొర సంగతీ, మూత సంగతీ, అక్క చెప్పిందీ. ఆయన తొట్టిలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నారు. గది దాటి కెమిస్ట్రీ ల్యాబులోకి వెళ్ళి, నీళ్ళ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ తెచ్చారు. ఆ గాజుగొట్టం చిన్న తొట్టిలో తిన్నగా మునిగింది. పెద్ద తొట్టిలో మునగనంటూ పైకి తేలింది. నీళ్ళ పైకి మిగిలిన గొట్టం మెడ పొడుగులో తేడా నాకే కనపడింది, పెద్ద చదువు లేనివాడికి కూడా. ఆ పరికరం ఇన్ని నెలలూ మా గోడకి అవతల బీరువాలో పెట్టెలో పడుకుని ఉంది.

సార్ బల్ల మీద కూర్చుండిపోయారు. "ఉప్పునీళ్ళు తప్ప చుక్క పడకూడదన్నది నేనేగా" అన్నారు చివరికి. "ఎం.ఎస్సీ. చేసినవాణ్ణి, నీళ్ళు ఆవిరైతే ఏం మిగులుతుందో నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారయ్యా?" తరవాత లేచి, తలుపు దగ్గర నిలబడ్డ అక్కకి చేతులు జోడించారు. ఆవిడ కంగారుపడి చీపురు అందుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి తగ్గిన నీళ్ళకి బదులు కాలేజీ బావి నీళ్ళు పోశాం. పెద్ద తొట్టిలో చిక్కదనాన్ని ఒక్కసారిగా దించకుండా వారం పట్టేలా కొద్దికొద్దిగా తగ్గించాం. నాలుగింట్లో రెండు పోయాయి, రెండు లేచి తాడు పట్టుకున్నాయి. చిన్న తొట్టిలో మగదాని సంచి నిండు మామిడిపిందెలా అయింది. ఒక పొద్దున నేనూ అక్కా చూస్తుండగానే అది ముందుకీ వెనక్కీ ఒంగుతూ, పొట్ట నొక్కుకుంటున్నట్టు మెలికలు తిరుగుతూ, సంచి నోట్లోంచి పిల్లల్ని చిమ్మడం మొదలుపెట్టింది. కొబ్బరిపీచు తుంపుల్లా ఉన్నాయి. ఒక్కోటీ బయటికి రాగానే నిటారుగా నిలబడేది. అంత పిసరులో గుర్రం తల కూడా ఉంది.

"ఎంత కష్టమొచ్చిందిరా నీకు" అంది అక్క దాన్ని చూసి. ఆవిడకి నలుగురు పిల్లలు.

సార్ రైలు దిగి వచ్చేసరికి రెండొందల పైనే ఉన్నాయి. ఆయన గాజుకి మొహం ఆనించి, కళ్ళజోడు ఆవిరి కమ్మినా తుడుచుకోకుండా అట్లాగే ఉండిపోయారు. తరవాత గబగబా నావైపు తిరిగి, "మనం రేపే నిజాంపట్నం వెళ్ళాలి. ఆయనకి చెప్పాలి. తప్పు మనదని చెప్పాలి" అన్నారు.

ఇక్కడిదాకా నేను సార్ దగ్గర ఒప్పుకున్నది తప్పు మాత్రమే. అబద్ధం ఇంకా నా కడుపులోనే ఉంది. ఉప్పు సంగతి బయటపడ్డాక, కుండ సంగతి అందరూ మర్చిపోతారులే అనుకున్నాను. సార్ మర్చిపోయారు కూడా. ఆయన దృష్టిలో బాబాయ్ కుండలో ఉంచి ఉండవచ్చు, కానీ చావులకి కారణం అది కాదు, అంతే.

మర్నాడు రేపల్లె ప్యాసింజర్లో ఎదురెదురుగా కూర్చున్నాం. భట్టిప్రోలు దాటాక చెప్పాను.

"సార్, ఆయన ఎప్పుడూ కుండలో ఉంచలేదండి. నేను భయపడి అట్లా అన్నానండి."

ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. పల్లికోన స్టేషన్లో బండి ఆగి, మళ్ళీ కదిలాక, "నీకు భయం పుట్టేలా అడిగింది నేను. అది నేను చూసుకుంటాను. ఆయనకి మాత్రం నువ్వే చెప్పాలి" అన్నారు.

ఆ రోజు కూడా ఒడ్డున పదిమందీ ఉన్నారు. బాబాయ్ మమ్మల్ని చూసి లేవలేదు. సార్ దగ్గరికెళ్ళి, అప్పటిదాకా 'నువ్వు' అన్న మనిషిని మొదటిసారి 'మీరు' అన్నారు. "మీరిచ్చినవన్నీ మంచివేనండి. చంపుకున్నది మేమే. నీళ్ళ విషయం నాకు తెలియక. నీళ్ళు బాగున్న తొట్టిలో నిన్న పిల్లలు పుట్టాయి. ఆ రోజు అందరి ముందూ అన్నాను, అందుకే అందరి ముందూ చెబుతున్నాను. నన్ను క్షమించాలి."

బాబాయ్ తలూపాడు. నేను నోరు తెరిచాను. "బాబాయ్, ఆ రోజు నేను..." అని ఆగిపోయాను. అందరూ వింటున్నారు. "కుండ సంగతి అబద్ధం. నాకు తెలిసే చెప్పాను."

ఆయన వల కన్నం కుడుతున్నవాడల్లా దారం పళ్ళతో తెంపి, నా వైపు చూశాడు.

"సార్ అన్నందుకు నాకు బాధ లేదబ్బాయ్. సార్‌కి తెలీదు. నువ్వు నా పక్కనే కూర్చున్నావు. మా ఇంట్లో చద్దన్నం తిన్నావు. నీకు తెలుసు."

ఆ మాట అనేసి, "పిల్లలు పుట్టినయ్యంటగా. ఎల్లి వాటిని చూసుకోండి" అని మళ్ళీ సూదికి దారం ఎక్కించాడు. క్షమించానని అనలేదు. ఇన్నేళ్ళ తరవాత చెబుతున్నాను, ఆయన అనకపోవడమే సబబు.

పిల్లల్ని పెంచడం పెద్దవాటిని పెంచినట్టు కాదని తొందరగానే తెలిసింది. ఉప్పుటేటి నీళ్ళని పలచటి మల్లుగుడ్డలో వడగడితే మిగిలే నలుసంత పురుగులే వాటి మేత. వెలుతురు కోసం నీటి పైకి చేరి, గాలి మింగి, బుడగల్లా తేలి చచ్చిపోయేవి. సార్ తొట్టి చుట్టూ నల్లగుడ్డ కట్టించారు. మూడో రోజుకి సగమయ్యాయి. నెల తిరిగేసరికి పంతొమ్మిది మిగిలాయి. ఆ పంతొమ్మిదీ నిలబడ్డాయి. నాలుగో నెలకి నా బొటనవేలు దాటి పెరిగాయి. అక్క రోజూ పొద్దున ఒకసారి తొట్టి నీళ్ళు నాలిక మీద వేసుకుని చూసేది. హైడ్రోమీటర్ ఉంది కదక్కా అంటే, "అదీ చెప్పనీ, నేనూ చెప్తా" అనేది. ఇద్దరి మాటా ఎప్పుడూ కలిసేది.

బాపట్లలో లెక్చరర్ల సభ ఒకటి జరిగితే సార్ ఈ పని గురించి వ్యాసం చదివారు. సీసాలు మోసుకుని నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ముందు విడతలు ఎందుకు పోయాయని ఎవరో అడిగారు. "నీళ్ళు కొలవకుండా పోయమని చెప్పాను, నా పొరపాటు. ఉప్పు మడుల్లో పని చేసిన మా కాలేజీ ఉద్యోగిని ఒకావిడ దాన్ని పట్టుకున్నారు" అని ఉన్నదున్నట్టు చెప్పారు. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ సభ అయిన కొన్నాళ్ళకే సార్‌కి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. రాయలసీమకి. వెళ్ళే ముందు ప్రిన్సిపాల్ గారిని అడిగి చూశారు కానీ, ఆ గది ఇంకో డిపార్టుమెంటు వాళ్ళకి కావలసి వచ్చింది. తను దగ్గర లేకపోతే ఈ పని నేనొక్కణ్ణీ నెట్టలేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్ళో పెంపకం మొదలుపెడదామన్న మాట మాటగానే మిగిలిపోయింది. ఆ తరవాత చాలా ఏళ్ళకి వాటిని పట్టడమే నేరమని ప్రభుత్వం చట్టం చేసిందని విన్నాను. మద్రాసు వ్యాపారి రావడం మానేశాడో, చాటుగా వస్తున్నాడో నాకు తెలియదు.

పంతొమ్మిది పిల్లల్నీ, మిగిలిన అయిదు పెద్దవాటినీ వాటి చోటే వదలాలని నిర్ణయించాం. రెండు క్యాన్లలో సర్దాం. ఈసారి అక్క కూడా వచ్చింది. రైల్లో క్యాన్ల మధ్య కూర్చుని, మూత తీసి చూడబోయిన వాళ్ళనందరినీ కసురుతూనే ఉంది.

నిజాంపట్నంలో బాబాయ్ పడవ కట్టేసి ఉంది. పెద్దవాటిని ఎక్కడ పట్టాడో ఆ చోటు ఆయనకే తెలుసు. తీసుకెళ్ళమని సార్ అడిగారు. నేను కొంచెం వెనగ్గా నిలబడ్డాను. ఆయన క్యాన్ల వైపు చూశాడు, కానీ చేయి వేయలేదు.

"ఊరికే ఎక్కించుకోనండీ. మీవాణ్ణి మూత తీసి చూడమనండి. అన్నీ బతికున్నయ్యో లేదో మీ అందరి ముందూ చెప్పమనండి. అప్పుడు నా చేతికియ్యండి."

సార్ నావైపు చూశారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని రెండు మూతలూ తీశాను. నీళ్ళు నిలకడ అయ్యేదాకా ఆగి, ఒక్కొక్కదాన్నీ వేలితో చూపిస్తూ పైకే లెక్కపెట్టాను. పదకొండు దగ్గర తడబడితే అక్క అందించింది. ఇరవై నాలుగు.

"అన్నీ బతికే ఉన్నాయి బాబాయ్. ఒక్కటీ పోలేదు" అన్నాను, ఒడ్డున ఉన్న వాళ్ళందరికీ వినపడేలా.

"అట్లా చెప్పు" అన్నాడాయన. వంగి ఒక క్యాను తను ఎత్తుకుని, రెండోదాన్ని నన్ను తెమ్మని పడవ వైపు తల ఊపాడు.